కార్డుంది కదా, డబ్బెందుకు అడుగుతున్నారు?

క్యాన్సర్ వైద్యానికి ప్రభుత్వమిచ్చే డబ్బు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదాని మీదే ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. రొమ్ములో గడ్డ తగులుతోంది. ఆరోగ్యశ్రీ ఉంది. ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే మామోగ్రామ్, బయాప్సీ, పెట్ స్కాన్ అన్నీ ముందు డబ్బు కట్టి చేయించుకోవాలని, ఆ తర్వాతే కార్డు పనిచేస్తుందని అన్నారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

చాలావరకు నిజమే. ఈ పథకాల్లో ఉన్న పెద్ద లోపం కూడా ఇదే. ఆరోగ్యశ్రీ అయినా, కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ పీఎం-జేఏవై అయినా డబ్బు చెల్లించేది 'ప్యాకేజీ'కి. అంటే ఫలానా ఆపరేషన్, ఫలానా కీమో సైకిల్, ఇన్ని రోజుల రేడియేషన్ అని. ఆ ప్యాకేజీకి ముందస్తు అనుమతి రావాలంటే క్యాన్సర్ అని రుజువు చేసే బయాప్సీ రిపోర్టు అప్‌లోడ్ చేయాలి. రిపోర్టు లేకపోతే అనుమతి రాదు, అనుమతి లేకపోతే డబ్బు రాదు. పీఎం-జేఏవైలో ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, ఇంటికి వచ్చాక 15 రోజుల ఖర్చు కలుస్తాయి. కానీ క్యాన్సర్ పరీక్షలు మూడు రోజుల్లో ఎక్కడ తేలతాయి? బయాప్సీ రిపోర్టుకే సుమారు వారం పడుతుంది. ఏ రకం మందు పనిచేస్తుందో చెప్పే, రొమ్ము క్యాన్సర్‌లో తప్పనిసరైన ఐహెచ్‌సీ పరీక్షకు (ఈఆర్, పీఆర్, హర్-2) మరికొన్ని రోజులు కావాలి. ఈలోగా జేబులోంచి పోయిన డబ్బు పథకం లెక్కలోకి రాదు.

కాబట్టి ఈ ముందు దశను ప్రభుత్వాస్పత్రిలో దాటించండి. మీ జిల్లాలోని ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లండి. పీహెచ్‌సీ నుంచి రిఫరల్ చీటీ ఉంటే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాల్లో రక్తపరీక్షలు, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ ఉచితంగా చేస్తారు. గడ్డకు 'ట్రూకట్' బయాప్సీ, అంటే సూదితో సన్నని ముక్క తీసే పద్ధతి, చేయమని అడగండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఊళ్లోని నర్సింగ్‌హోంలో 'ముందు గడ్డ తీసేద్దాం, తర్వాత టెస్టుకు పంపుదాం' అంటే ఒప్పుకోవద్దు. క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ మళ్లీ చేయాల్సి వస్తుంది. గడ్డ అసలు ఎంత పెద్దదో, చంకలోకి పాకిందో లేదో ఆ తర్వాత సరిగ్గా తెలియదు. స్టేజీ మసకబారితే అనుమతి ఇచ్చే డాక్టరు ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు.

తీసిన ముక్కను ఫార్మలిన్‌లోనే (ముక్క చెడకుండా కాపాడే ద్రవం) పంపారా, సీసా మీద పేరు, తేదీ రాశారా అన్నది చూసుకోండి. మామూలు సెలైన్‌లో వేసి పంపిన ముక్క చెడిపోతుంది, మళ్లీ పొడవాల్సి వస్తుంది. రిపోర్టుతో పాటు పారఫిన్ బ్లాకు (ఆ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ), స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. అవి మీవే. పెద్దాస్పత్రిలో రెండో అభిప్రాయానికి బ్లాకే కావాలి. అది ఉంటే మళ్లీ బయాప్సీ అక్కర్లేదు.

పెట్ స్కాన్ అందరికీ అవసరం లేదు. గడ్డ చిన్నదై, చంకలో గ్రంథులు తగలకుండా, ఇతర లక్షణాలు లేకపోతే 'ఇది చేస్తే వైద్యంలో ఏం మారుతుంది?' అని డాక్టరును నిర్మొహమాటంగా అడగండి.

ఒక చిన్న విషయం, కానీ రోజుల తరబడి తిప్పేది ఇదే. ఆధార్‌లో 'లక్ష్మమ్మ', రేషన్ కార్డులో 'లక్ష్మి', బయాప్సీ కాగితం మీద 'కె.లక్ష్మి' అని ఉంటే ఆస్పత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరే ఫైలు ఆగిపోతుంది. మొదటి ఓపీ చీటీ నుంచే ఆధార్‌లో ఉన్నట్టు పేరు, వయసు రాయించండి.

ప్రశ్న: తెలంగాణలో రూ.10 లక్షలు, ఆంధ్రాలో రూ.25 లక్షలు, కేంద్రం రూ.5 లక్షలు అంటున్నారు. అంత ఉన్నప్పుడు మా బావగారి దగ్గర ఆస్పత్రివాళ్లు 'పైన ఇంకో లక్షన్నర కట్టండి' అని ఎలా అడిగారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

ఆ అంకెలు మీకిచ్చే డబ్బు కావు, గరిష్ఠ పరిమితులు. ఏడాదికి కుటుంబం మొత్తానికి కలిపి వర్తిస్తాయి. ఒకరి డయాలసిస్, ఇంకొకరి గుండె ఆపరేషన్, మరొకరి కీమో అన్నీ అందులోంచే పోతాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో రూ.25 లక్షలు చేశారు. ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. పరిమితి పెరిగినంత మాత్రాన ప్యాకేజీ రేటు పెరగదు. మీ బావగారికి చేసే ఆపరేషన్‌కు పథకాన్ని నడిపే ట్రస్టు ఇచ్చే డబ్బు మాత్రం, పరిమితి ఐదు లక్షలైనా, పాతిక లక్షలైనా ఒకటే. ప్రకటనలు చూసి మోసపోయేది ఇక్కడే.

ప్యాకేజీలో బెడ్డు, ఆపరేషన్, మందులు, భోజనం, డిశ్చార్జి తర్వాత కొన్నాళ్ల మందులు ఉంటాయి. అనుమతి వచ్చిన ప్యాకేజీ మీద అదనంగా వసూలు చేయకూడదు. అందుకే 'పైన కట్టండి' అన్నప్పుడు ముందు ఒక్కటి తేల్చుకోండి: ప్యాకేజీలో ఉన్నదానికే అడుగుతున్నారా, లేని మందుకో పరికరానికో అడుగుతున్నారా? అడిగినదాన్ని కాగితం మీద రాసిమ్మనండి. చాలాసార్లు ఆ మాటతోనే ఆ మొత్తం తగ్గిపోతుంది. రసీదు లేకుండా రూపాయి కట్టొద్దు. రసీదు ఉంటే 104కు ఫిర్యాదు చేయొచ్చు. ఆయుష్మాన్ కార్డు మీద అయితే 14555. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి, అది లేకపోతే తర్వాత ఎవరూ ఫైలు వెతకరు.

ప్రశ్న: మా నాన్నగారికి 74. రిటైర్డ్ ఉద్యోగి, తెల్ల రేషన్ కార్డు లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్. ఏ పథకమూ రాదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

వస్తుంది. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి రూ.5 లక్షల ఆయుష్మాన్ వయోవందన కార్డు ఇస్తున్నారు. 2024 అక్టోబరు 29న మొదలైంది. కావాల్సింది ఆధార్ ఒక్కటే, వయసు దాన్నిబట్టే చూస్తారు. ప్రైవేటు బీమా ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా అర్హులే. మీ నాన్నగారు కేంద్ర ప్రభుత్వ పెన్షనరై సీజీహెచ్‌ఎస్‌లో గానీ, మాజీ సైనికుడై ఈసీహెచ్‌ఎస్‌లో గానీ ఉంటే మాత్రం రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. క్యాన్సర్ రోగి ఆ నిర్ణయం తొందరపడి తీసుకోకూడదు. సీజీహెచ్‌ఎస్‌లో నెలనెలా వాడే మందులు కూడా వస్తాయి, ఆయుష్మాన్‌లో ప్యాకేజీలో లేని ఓపీ మందులు రావు. ప్రోస్టేట్‌కు హార్మోన్ చికిత్స ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి, రాసిన మందుకు ప్యాకేజీ ఉందో లేదో ముందే అడగండి.

ప్రశ్న: ఆరు కీమోల్లో మూడు అయ్యాయి. ఇప్పుడు ఆస్పత్రివాళ్లు బకాయిలు రాలేదని, ఆరోగ్యశ్రీ కింద చేయలేమని అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నల్గొండ

రోగికి కీమో ఆస్పత్రి ముందు చేసేస్తుంది. బిల్లు ట్రస్టుకు పెడుతుంది. ట్రస్టు దాన్ని పరిశీలించి, ప్రభుత్వం నిధులు విడుదల చేశాక చెల్లిస్తుంది. బడ్జెట్లో కేటాయింపు ఉన్నా విడుదల ఆలస్యమైతే బకాయి పేరుకుంటుంది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రుల సంఘాలు ఇదే కారణంతో సేవలు ఆపుతామని ప్రకటించాయి. ఈ పంచాయితీలో తప్పెవరిదన్నది తర్వాత తేల్చుకోవచ్చు. మీకు ముఖ్యమైనది తేదీ.

ఎక్కువ కీమోలు 21 రోజులకోసారి ఇస్తారు. రక్తకణాలు తగ్గి రెండు మూడు రోజులు వాయిదా పడటం మామూలే. వారాల తరబడి ఆగిపోవడం మంచిది కాదు. వెంటనే ప్రభుత్వ సంస్థకు మారండి: హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్. ఆంధ్రావాళ్లయితే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, గుంటూరు, కర్నూలు ప్రభుత్వాస్పత్రుల క్యాన్సర్ విభాగాలు.

మారేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ప్రతి సైకిల్లో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో చూపే కీమో చార్టు తీసుకోండి. ఎందుకంటే డాక్సోరుబిసిన్ లాంటి మందు గుండెను దెబ్బతీయకుండా జీవితకాలంలో ఇవ్వదగ్గ మొత్తానికి హద్దుంది. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు సుమారు 450-550 మిల్లీగ్రాములు. ఇప్పటివరకు ఎంత వెళ్లిందో తెలియకపోతే కొత్త డాక్టరు మందు తగ్గించవచ్చు, లేదా మార్చేయవచ్చు. పాత ఆస్పత్రిలో తెరిచి ఉన్న కేసును ఆరోగ్యమిత్ర చేత మూయించడం కూడా మరవకండి. అది తెరిచి ఉంటే కొత్తచోట అనుమతి ఇరుక్కుంటుంది.

రేడియేషన్ ఇంకా మొదలు కాకపోతే మాత్రం ఒక జాగ్రత్త. మొదలుపెట్టిన మెషీన్ మీదే కోర్సు మొత్తం పూర్తి కావడం మేలు. మధ్యలో మారితే ప్లానింగ్ సీటీ (రేడియేషన్ ఎక్కడివ్వాలో గుర్తించే స్కాన్) నుంచి మళ్లీ చేయాలి. 'ఈ కోర్సు చివరిదాకా చేస్తారా?' అని ముందే అడగండి.

ప్రశ్న: నోటి క్యాన్సర్ తిరగబెట్టింది. ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ రాశారు. ప్యాకేజీలో లేదన్నారు. పొలం అమ్ముదామా అనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

పొలం జోలికి వెళ్లకముందు రెండు పనులు చేయండి.

మొదటిది, ఈ మందుతో రోగికి ఎంత లాభమో స్పష్టంగా అడగండి. పూర్తిగా నయం చేయడానికా, కొన్ని నెలలు పెంచడానికా? ట్యూమర్ బోర్డు, అంటే సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి ఇచ్చే నిర్ణయం, కాగితం మీద ఉండాలి. నోరు, గొంతు క్యాన్సర్ ముదిరినవారిపై ముంబయి టాటా మెమోరియల్‌లో ఒక అధ్యయనం చేశారు. నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పేది) మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే, నోటిద్వారా తీసుకునే చవక మందులతో కలిపి ఇచ్చారు. మామూలు డోసు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు ఆ చవక మందులు మాత్రమే తీసుకున్నవారిలో 16 శాతం, ఈ చిన్న డోసు కలిపినవారిలో 43 శాతం. మీ డాక్టరును ఈ పద్ధతి రోగికి సరిపోతుందేమో అడగండి. ఖర్చులో తేడా పొలానికీ పశువుకూ ఉన్నంత ఉంటుంది.

రెండోది, డబ్బు కట్టకముందే దరఖాస్తు పెట్టండి. కేంద్ర ఆరోగ్యశాఖ కింద క్యాన్సర్ రోగుల నిధి ఉంది. 2009లో రాష్ట్రీయ ఆరోగ్య నిధిలో భాగంగా పెట్టారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, ఎంఎన్‌జే వంటి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో చికిత్స పొందేవారికి ఇస్తారు. చికిత్స చేసే డాక్టరు సంతకం, దానిమీద సూపరింటెండెంటు సంతకం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు కావాలి. డబ్బు నేరుగా ఆస్పత్రికి వెళ్తుంది. అప్పటికే ఖర్చయిపోయినదాన్ని తిరిగివ్వరు. ప్రభుత్వోద్యోగులకు వర్తించదు. ప్రధానమంత్రి సహాయనిధికి ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేటుతో, ఎంపీ సిఫారసు లేఖతో దరఖాస్తు చేయవచ్చు. అడిగినదంతా రాదు, కొంత భాగం వస్తుంది.

ముఖ్యమంత్రి సహాయనిధిలో రెండు దారులు. చికిత్సకు ముందు ఆస్పత్రి ఎస్టిమేటు మీద ఇచ్చే హామీ పత్రం, ఎల్‌ఓసీ. చికిత్స తర్వాత బిల్లులు పెట్టి తెచ్చుకునే చెక్కు. రెండోదానికి ఒరిజినల్ బిల్లులే కావాలి, జిరాక్సులు పనికిరావు. ప్రతి బిల్లు మీద ఆస్పత్రి ముద్ర, సంతకం ఉండాలి. పథకం కట్టిన బిల్లుకే మళ్లీ దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారు. ఎమ్మెల్యే ఆఫీసులో ఫైలు పెట్టించడానికి కమీషన్ అడిగే మధ్యవర్తులుంటారు, వాళ్లకు ఒరిజినల్స్ ఇవ్వకండి.

ప్రశ్న: అదే మందు, అదే మోతాదు. ఒక షాపులో ఒక రేటు, ఆస్పత్రి ఫార్మసీలో రెట్టింపు. ప్రభుత్వ నియంత్రణ లేదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

ఉంది, కానీ ఆ నియంత్రణ ఉన్నది ఎమ్మార్పీ మీద. కొనుగోలు ధరకూ ఎమ్మార్పీకీ మధ్య తేడా ఎవరి జేబులోకి వెళ్తుందన్నది వేరే లెక్క. 2019లో జాతీయ ఔషధ ధరల సంస్థ 42 క్యాన్సర్ మందులపై వ్యాపార లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది. వందలాది బ్రాండ్ల ధరలు దిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొన్ని ప్రాణాధార మందులకు పూర్తిగా ఎత్తేశారు. అయినా ఒకే మందు వేర్వేరు బ్రాండ్ల మధ్య ఎంతో తేడా ఉంటుంది. చీటీ మీద మందు అసలు పేరు రాయించుకుని జనౌషధి, అమృత్ ఫార్మసీల్లో అడగండి. బయట కొన్న ఇంజెక్షన్‌ను ఆస్పత్రి ఎక్కిస్తుందో లేదో మాత్రం ముందే తెలుసుకోండి. చల్లగా ఉంచాల్సిన మందుకు ఐస్‌ప్యాకుల పెట్టె లేకుండా బయల్దేరకండి.

ప్రశ్న: రైలు టికెట్ ఉచితమా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో వంద శాతం రాయితీ. తోడు వెళ్లేవారికి అందులోనే 75 శాతం. ఆస్పత్రి ఇచ్చే నిర్ణీత ఫారం మీద డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. ప్రయాణం చికిత్స కోసమో, చెకప్ కోసమో అయి ఉండాలి.

ప్రశ్న: ప్రభుత్వం క్యాన్సర్ సెంటర్లకు కోట్లు మంజూరు చేసిందని పేపర్లో చదువుతాం. ఏళ్లు గడిచినా మెషీన్ పనిచేయదు. డబ్బు ఎక్కడికి పోతోంది?
– ఒక పాఠకుడు, కర్నూలు

ప్రతిసారీ తినేయడం వల్లే కాదు. మంజూరు వేరు, విడుదల వేరు, నడపడం వేరు. రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్రాల జాబితాలోనివి. కేంద్రం పథకాలకు చాలావాటికి 60:40 నిష్పత్తిలో డబ్బు ఇస్తుంది. రాష్ట్రం తన 40 విడుదల చేయకపోతే, ఖర్చు చేసినట్టు వినియోగ పత్రం పంపకపోతే తర్వాతి వాయిదా రాదు. రాష్ట్ర క్యాన్సర్ సంస్థకు రూ.120 కోట్ల వరకు, చిన్న కేంద్రానికి రూ.45 కోట్ల వరకు ఇచ్చే కేంద్ర పథకంలో కర్నూలు కూడా ఉంది. ఆ డబ్బు ప్రధానంగా భవనాలకు, యంత్రాలకు. జీతాలు రాష్ట్రమే చూసుకోవాలి.

రేడియేషన్ యంత్రం ఎక్స్‌రే యంత్రంలా తెచ్చి గదిలో పెట్టేది కాదు. కిరణాలు నేరుగా తగిలే గోడలు సుమారు రెండు మీటర్లు, అంతకన్నా మందంగా కాంక్రీటుతో కట్టాలి. ఆ బంకర్ ప్లానుకు అణుశక్తి నియంత్రణ మండలి ముందే అనుమతివ్వాలి. కట్టాక తనిఖీ, యంత్రం బిగించాక మళ్లీ తనిఖీ, రోగిపై వాడటానికి చివరి లైసెన్సు. ఆ లైసెన్సుకు అర్హత ఉన్న మెడికల్ ఫిజిసిస్టు (రేడియేషన్ మోతాదు లెక్కించే నిపుణుడు), రేడియేషన్ భద్రతాధికారి పేర్లు ఇవ్వాలి. పోస్టు మంజూరు కాకపోతే యంత్రం కవరు కప్పుకుని కూర్చుంటుంది. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థంతో నడిచే పాత యంత్రాలది ఇంకో గొడవ. దాని బలం సగానికి పడిపోవడానికి 5.27 ఏళ్లు పడుతుంది. అంటే నెలకు ఒక శాతం చొప్పున బలం తగ్గుతూ, అయిదేళ్లకు ఒక్కో రోగికి రెట్టింపు సమయం పడుతుంది. రోజుకు చేసే రోగుల సంఖ్య తగ్గుతుంది, క్యూ పెరుగుతుంది. కొత్త కోబాల్ట్ సోర్సు కొనడానికి బడ్జెట్లో పద్దు పెట్టకపోతే మెషీన్ 'పనిచేస్తూనే' ఉంటుంది, రోగులు మాత్రం తిరిగిపోతుంటారు. మీ ఆస్పత్రిపై సమాచార హక్కు కింద అడగాలనుకుంటే 'ఎన్ని కోట్లు వచ్చాయి' అని కాకుండా ఈ మూడు అడగండి: లైసెన్సు తేదీ, ఫిజిసిస్టు పోస్టులు ఎన్ని భర్తీ అయ్యాయి, మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది.

మొత్తం మీద చూస్తే చేతిలో ఉన్నదే తక్కువ. 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22 లెక్కల్లో, అదీ కొవిడ్ కాలంలో, వచ్చింది 1.84 శాతం. దేశంలో ఆరోగ్యంపై అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే. 2013-14లో ఇది 64.2. తగ్గిన మాట నిజం. కానీ ఆ తగ్గుదల ఆస్పత్రిలో చేరాకే కనిపిస్తుంది, చేరకముందు కాదు.

ప్రశ్న: మా ఊరి ఆశా వచ్చి ఫారం నింపుకుంది. ఏఎన్ఎం గర్భాశయ ముఖద్వార పరీక్షకు రమ్మంది. మా ఆడవాళ్లు వద్దంటున్నారు. అంత అవసరమా?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి

చాలా అవసరం. పైన చెప్పిన ఖర్చులన్నీ మొదలుకాకముందు ప్రభుత్వం చేసే ముఖ్యమైన పని ఇది. దీనికే డబ్బు, మనుషులు తక్కువ. జాతీయ ఆరోగ్య మిషన్ లెక్కలో ఆ ఫారం నింపినందుకు ఆశాకు దక్కే ప్రోత్సాహకం రూ.10. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష అయితే ఒక్కరు కూడా లేరు.

పరీక్ష ఇలా ఉంటుంది. లోపలి భాగం కనిపించేలా స్పెక్యులం పెట్టి, దూదితో 3-5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్దుతారు. ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లమచ్చ తేలితే పాజిటివ్. కొద్దిగా మంట తప్ప నొప్పి ఉండదు, మత్తు అక్కర్లేదు. నెలసరి రోజుల్లో కాకుండా వెళ్లాలి. అదే రోజు నోరు, రొమ్ములు కూడా చూస్తారు. 30 దాటినవారికి అయిదేళ్లకోసారి చేయాలి.

పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. ఇన్ఫెక్షన్ ఉన్నా తెల్లమచ్చ వస్తుంది. కానీ పాజిటివ్ వచ్చాక పై ఆస్పత్రికి వెళ్లనివాళ్లు ఎక్కువ, ఈ కార్యక్రమం దెబ్బతినేది అక్కడే. రిఫరల్ చీటీ మీద ఏ ఆస్పత్రి, ఏ రోజు, ఏ గది అని రాయించుకుని ఏఎన్ఎంకు మీ ఫోన్ నంబరు ఇవ్వండి. కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) చేసే గైనకాలజిస్టు ఆ రోజు ఉంటారో లేదో ముందే కనుక్కోమనండి. క్యాన్సర్‌కు ముందు దశలోనే దొరికితే ఓపీలోనే ఆ భాగాన్ని కాల్చో, అతిచల్లదనంతో గడ్డకట్టించో తీసేస్తారు. సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు.